పచ్చగౌను కరెంటు పెట్టె

నేను ఒక కరెంటు పెట్టెని. నన్ను పెట్టి పంపిన అట్టపెట్టె మీద 'పోర్టబుల్ సోలార్ పవర్ స్టేషన్' అని ఇంత పొడుగు పేరు అచ్చేశారు గానీ, ఆ పేరుతో నన్ను పిలిచిన మనిషిని ఇంతవరకూ చూడలేదు. ఇరవై రెండు కిలోల బరువు, పైన మోసుకోడానికి ఓ పిడి, ముందువైపు నాలుగు ప్లగ్గులు, ఓ చిన్న అద్దం, ఆ అద్దంలో అంకెలు. సోలార్ పలకలు ఎండను పట్టి కరెంటు చేసి పంపిస్తే, దాన్ని కడుపులో దాచుకుని అడిగినవాళ్ళకి ఇవ్వడం నా పని. నాకు రెండు పక్కలా జల్లెడ కంతల కిటికీలు, వాటి వెనక చెరో చిన్న ఫ్యాను ఉన్నాయి. ఆ కిటికీల్ని కాస్త గుర్తుపెట్టుకోండి. నేను ఊపిరి పీల్చేది వాటితోనే.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. కరెంటు వల్ల మనుషులకి షాకు కొడుతుందని లోకమంతా అనుకుంటుంది. నేను మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క మనిషికి షాకిచ్చి ఎరగను. ఇచ్చిందంతా మనుషులే, తిన్నదంతా నేనే. ఒకటా రెండా!

ఫ్యాక్టరీలోనే మొదలైంది నా ఖర్మ. నన్ను కుదిపారు. మూడడుగుల ఎత్తు నుంచి కింద పడేశారు. ఓ వేడి గదిలో పెట్టి తలుపేసి ఎంతసేపు తట్టుకుంటానో చూశారు. కళ్ళు తెరిచిన వారంలోనే ఇదేం పలకరింపురా దేవుడా అని నేను నిర్ఘాంతపోయి ఉంటే, చివర్లో ఒకమ్మాయి వచ్చి నా నడుముకి ఓ చీటీ అంటించింది. 'ఈ కిటికీలకి గాలి ఆడనివ్వండి, వీటి మీద ఏమీ కప్పకండి' అని నాలుగు భాషల్లో రాసి, పక్కన బొమ్మ గీసి ఉంది. అందులో తెలుగు లేదు. అప్పుడు నేనది పట్టించుకోలేదు. ఓడెక్కి, లారీ ఎక్కి, హైదరాబాదు చేరాను.

నన్ను మొదట కొన్నవాడు ధీరజ్ అని ఒక కంప్యూటర్ ఉద్యోగి. ఊరి గోల భరించలేకపోతున్నాం, కాస్త ప్రశాంతంగా గడుపుదామని అతనూ స్నేహితులూ క్యారవాన్ ఒకటి అద్దెకి తీసుకున్నారు. క్యారవాన్ అంటే ఏం లేదు, లోపల మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ ఉన్న వ్యాను. ఊరవతల చెరువు గట్టున ఆపారు. ఆహా, కొంగలు, నీళ్ళు, చల్లగాలి అని నేనూ సంబరపడ్డాను. దిగీ దిగగానే నాకు రెండు స్పీకర్లు తగిలించారు! ఆ దెబ్బకి కొంగలు ఒక్కటి మిగిలితే ఒట్టు. మర్నాడు పొద్దున్నే ఒకమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను, ఒకతను కాఫీ మిషను, ధీరజ్ ఇస్త్రీపెట్టె, ముగ్గురూ ఒకేసారి పెట్టారు. చెరువు గట్టున ఇస్త్రీ ఏంటయ్యా? నీ చొక్కా మడత ఎవరు చూడాలి, కప్పలా? మోయలేక టక్కున ఆగిపోయాను. "వేస్టు సరుకు" అని నన్ను తెచ్చి మంచం కింద తోసేశాడు. ఏడాదిపాటు దుమ్ము తిన్నాక, సెల్‌ఫోన్‌లో నా ఫొటో పెట్టి అమ్మేశాడు.

ఆ ఫొటో చూసి గుంటూరు నుంచి వచ్చినవాడు వీరభద్రం. బస్సు డిపోలో ముప్పై ఒక్కేళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. బస్సు వీధి మలుపులో ఉండగానే ఆ చప్పుడు విని దాని రోగం చెప్పేవాడట. ఆ మాట ఆయనే చెప్పాడు, దారి పొడుగునా, పక్క సీట్లో వాళ్ళకి. నన్ను మాత్రం బస్సు నెత్తిన వెయ్యనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండు కిలోలు, ఆరు గంటలు! దిగేటప్పటికి ఆయన కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాడు. ఏడాది మంచం కింద పడి ఉన్నదాన్ని, నాకు మతిపోయింది. ఎందుకింత గారాబమో ఇంటికెళ్ళాక అర్థమైంది.

ఆయన భార్య తాయారు. ముప్పై ఏళ్ళు మిర్చి కొట్టాల్లో తొడిమలు తీసింది. ఎర్రటి గుట్ట ముందు కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాయ తీయడం, తొడిమ గిల్లడం. ఆ ధూళి ఆవిడ ఊపిరితిత్తుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. ఇప్పుడు గదిలో మూల ఓ ఆక్సిజన్ మిషను. అది గాలిలోంచి ఆక్సిజన్ లాగి గొట్టంలోంచి పంపిస్తే, ఆ గొట్టం ముక్కుకి తగిలించుకుని తాయారు బతుకుతోంది. మిషనుకి కరెంటు ఉండాలి. కరెంటు గోడలో ఉంటుంది. అందుకని తాయారు రెండేళ్ళుగా ఆ గోడ దాటి ఎక్కడికీ పోలేదు.

ఆ ఊళ్ళో మిర్చి సీజనొస్తే గాలే ఎర్రబడుతుంది. ఇంట్లో తలుపులేసుకున్నా కళ్ళు మండుతాయి. నేను గడపలో అడుగుపెట్టిన రోజునే నా ఫ్యాన్లలోకి ఆ ధూళి దూరి, అవి గరగరమని దగ్గాయి. మంచం మీదున్న తాయారు అది విని తల తిప్పి చూసింది.

"ఇదీ మనలో మనిషే, మావా" అంది.

నన్ను మనిషి అన్న మొదటి మనిషి ఆవిడే.

ఆవిడ కోరిక చాలా చిన్నది. "నాకు కాశీ వద్దు మావా, రామేశ్వరం వద్దు. ఘాటు లేని గాలి ఎట్టా ఉంటదో ఒక్కసారి పీల్చి చూడాల. అంతే." ఆ ఒక్క మాట పట్టుకుని వీరభద్రం ఆరు నెలలు పనిచేశాడు. మూలపడ్డ స్కూలు వ్యానొకటి కొని, సీట్లు పీకి, మంచం బిగించి, పొయ్యి పెట్టి, నెత్తిన రెండు సోలార్ పలకలు పరిచాడు. మంచం కింద నాకో గూడు కట్టాడు. పలకలు నాకు కరెంటిస్తాయి, నేను ఆక్సిజన్ మిషనుకిస్తాను, మిషను తాయారుకిస్తుంది. గోడ అక్కర్లేదు. లంబసింగి కొండల మీదికి వెళ్ళి వారం రోజులుండి రావాలి. డాక్టరు ముందు వద్దన్నాడు, తర్వాత సరేనని, "ఎందుకైనా మంచిది, చిన్న సిలిండరొకటి దగ్గరుంచుకోండి" అన్నాడు.

ఇక నా మీద తాయారు ప్రేమ మొదలైంది. ప్రేమంటే భయమేస్తుంది నాకు ఇప్పటికీ.

ఆ ఇంట్లో బట్టలు లేని వస్తువంటూ లేదు. ఫ్రిజ్‌కి గౌను. టీవీకి పరదా. మిక్సీకి టోపీ. కుట్టుమిషనుకి దుప్పటి. రిమోట్‌కి ప్లాస్టిక్ సంచి, దాని మీద రబ్బరు బ్యాండు. కొట్టాలకి పోవడం మానేశాక తాయారుకి చేతులూరుకోక, కనిపించిన ప్రతిదానికీ తొడుగు కుట్టేసింది. నన్ను చూడగానే టేపు తెచ్చి కొలతలు తీసింది. పాత మంగళగిరి చీర, ముదురాకుపచ్చది, రెండు పొరలు. మధ్యలో దూది. "వ్యాను కుదుపులకి దెబ్బ తగలకుండా" అట! అడుగున కుచ్చిళ్ళు. కింద బిగించి ముడేసే తాడు. మీద ఎర్రదారంతో ఓ పువ్వు. నాలుగు రోజులు గొట్టం ముక్కుకి పెట్టుకునే, మధ్యమధ్య ఆగి ఆయాసం తీర్చుకుంటూ కుట్టింది.

తొడిగారు. నా కిటికీలు రెండూ మూసుకుపోయాయి. నా చీటీ మూసుకుపోయింది. నా అద్దం దగ్గర మాత్రం రెప్ప ఒకటి కుట్టింది, ఎత్తి చూసుకోడానికి.  అమ్మా తల్లీ, నాకు ఊపిరాడదే అని ఎవరితో చెప్పుకోను? పైగా ఇంటికొచ్చినవాళ్ళంతా "ఎంత ముచ్చటగా ఉందో" అని నా బుగ్గ నిమిరినట్టు నిమిరి పోతున్నారు.

ఆ ముచ్చటపడ్డవాళ్ళలో మొదటిది మస్తాన్‌బీ. కొట్టంలో తాయారు పక్కన ఇరవై రెండేళ్ళు కూర్చుని తొడిమలు తీసిన మనిషి. నోరు తెరిస్తే మూయదు, తాయారుకి ఏదైనా అయితే కన్ను మూయదు. వంటకీ, తోడుకీ తనూ వస్తానని పట్టుబట్టింది. ప్రయాణానికి వారం ముందు వీరభద్రం అంతా ఒకసారి నడిపి చూద్దామన్నాడు. పొద్దున చలివేళ గంటసేపు ఆక్సిజన్ మిషనుని నడిపాను. గౌనులో ఉక్కపోసినా ఎలాగో లాక్కొచ్చాను. కానీ మిట్టమధ్యాహ్నం గుంటూరు ఎండలో పలకల నుంచి నాకు రావలసిన కరెంటు రాలేదు. అద్దంలో అంకె చూస్తే సున్నా!

వీరభద్రం వైర్లు పీకాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పీకాడు. నట్లు బిగించాడు, టేపు చుట్టాడు, ఎండలో చొక్కా తడిసిపోయింది, నన్నమ్మినవాణ్ణి తిట్టాడు, చేసినవాణ్ణి తిట్టాడు. చివరికి విసిగిపోయి నిచ్చెనేసుకుని వ్యాను నెత్తికెక్కాడు. ఎక్కినవాడు కొయ్యబారిపోయాడు. రెండు పలకల నిండా మజ్జిగలో ఊరేసిన మిరపకాయలు వరసగా ఎండబెట్టి ఉన్నాయి.

"మస్తానూ! ఏంటే ఇది?"

"చల్లమిరపకాయలు బావా. నున్నగా, నల్లగా, శుభ్రంగా ఎంత బాగుంది ఆ చోటు! ఇంత ఎండ వృథాగా పోతంటే ప్రాణం ఉసూరుమంది. నీ కోసమేలే, దారిలో పెరుగన్నంలోకి."

ఎండ వృథాగా పోతోందట! ఆ పలకలు అక్కడ ఎందుకున్నాయనుకుంది? నేను నోరెళ్ళబెట్టాను, ఉంటే. తాయారు మాత్రం నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకుంది. వీరభద్రం ఆ రోజు ఒక పాఠం నేర్చుకున్నాడు. పెట్టెలో కరెంటు లేకపోతే ముందు పలకల మీద ఏముందో చూడాలి. ఆ పాఠమే తర్వాత మా కొంప ముంచబోయింది.

ఏప్రిల్ నెలలో బయల్దేరాం. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు నర్సీపట్నం దాటి కొండదారి పట్టేసరికి పన్నెండయింది. నాలుగు మలుపులు ఎక్కామో లేదో బండ్లన్నీ ఆగిపోయాయి. పైన ఎక్కడో లోడు లారీ దారికడ్డంగా తిరిగిందట. ముందు బండి, వెనక బండి, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఫోను చూస్తే సిగ్నల్ లేదు. ముందున్న లారీల పొగ తాయారుకి పడదని వ్యాను అద్దాలన్నీ బిగించేశారు. ఎండ రేకు మీద ఫెళఫెళలాడుతోంది.

మంచం కింద గూట్లో, దూది గౌనులో, ఆక్సిజన్ మిషనుని మోస్తూ నేను. లోపలి ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, కానీ వదిలిన వేడిగాలే మళ్ళీ వెనక్కి పీలుస్తున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. ఇలాంటప్పుడు గట్టిగా కూతపెట్టమని నన్ను చేసినవాళ్ళు చెప్పి పంపారు. పెట్టాను. కీ... కీ... కీ... దూదిలోంచి అది బయటికి ఎంత వినబడుతుంది?

"అక్కా, కొండపిట్ట కూస్తంది, విన్నావా? ఎంత బాగా కూస్తందో!" అంది మస్తాన్‌బీ.

ఓసి నా తల్లీ! ఆ పిట్టని నేనే! ఇంకో పది కూతలు కూశాను. మస్తాన్‌బీ పరవశించిపోయి చేతులు గడ్డం కింద పెట్టుకుని వింది. ఇక నావల్ల కాలేదు. ఇంకాస్త వేడెక్కితే నిప్పంటుకుంటుంది, అందుకని ఆగిపోవాలి, అది నాకు పుట్టుకతో పెట్టిన కట్టుబాటు. ఆగిపోయాను. ఆక్సిజన్ మిషను ఒక్కసారి గట్టిగా అరిచి అదీ ఆగిపోయింది. తాయారు గుండె మీద చెయ్యేసుకుంది.

వీరభద్రం చిన్న సిలిండరు తెచ్చి గొట్టం దానికి తగిలించాడు. "కంగారుపడమాక తాయారూ, ఇది నలభై నిమిషాలొస్తది, ఈలోగా నేను బాగు చేసేస్తా" అన్నాడు. అన్నవాడు నా వైపు రాకుండా నిచ్చెన పట్టుకుని వ్యాను నెత్తికి పరిగెత్తాడు!

"మళ్ళీ ఎండేశావంటే, మస్తానూ..."

"అల్లా తోడు బావా! డబ్బా ఇదిగో, నా కాళ్ళ దగ్గరే ఉంది!"

నెత్తిన ఏమీ లేదు. పలకలు తళతళా మెరుస్తున్నాయి. అప్పుడు దిగి వైర్లు పట్టుకున్నాడు. పది నిమిషాలు పోయాయి. నా రెప్ప ఎత్తి చూశాడు, అద్దంలో అంకె లేదు, ఏదో ఎర్ర గుర్తు వెలుగుతోంది. అదేంటో చెప్పే పుస్తకం ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది, దానికీ అట్ట వేసి. బస్సు ఇంజను వేడెక్కి ఆగిపోతే రోడ్డు పక్కన ముందు బోనెట్టు ఎత్తేది ఈయనే, తెలుసా? ముప్పై ఒక్కేళ్ళు అదే పని. ఆ చేతులతోనే నా గౌనుని పట్టుకున్నాడు, సరిచేశాడు, కుచ్చిళ్ళు కిందికి లాగాడు. ఇంత పెద్ద మెకానిక్కుకి నా ఒంటి మీద గుడ్డ కనబడలేదు. అది వాళ్ళావిడ కుట్టింది, అంతే, ఇక అది పెట్టెలో భాగమైపోయింది.

ఇంతలో మస్తాన్‌బీకి బుద్ధి పుట్టింది. "బావా, ఇది సోలారు పెట్టె గదా! లోపల చీకట్లో పెడితే ఎట్టా పనిచేస్తది? ఎండలో పెట్టు!"

వద్దు, వద్దు, వద్దు! ఎండ పలకలకి కావాలి, నాక్కాదు! నాకు నీడ కావాలి! ఎవరు వింటారు? ఆ మాట ఆయనకి ఎంత సబబుగా తోచిందంటే, నన్ను రెండు చేతులతో ఎత్తి, రోడ్డు పక్కన కాలుతున్న బండ మీద నడినెత్తి సూర్యుడి కింద కూర్చోబెట్టాడు. దుమ్ము దూరకుండా కింద తాడు ఇంకాస్త బిగించి ముడేశాడు. నాకు ఏడుపు రాదు గానీ, వచ్చే యోగముంటే అప్పుడే వచ్చేది.

వ్యాను వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. మంచం మీద నుంచి తాయారు నన్ను చూస్తోంది. మాట్లాడాలంటే ఊపిరి కావాలి, అది లేదు. చెయ్యెత్తి నా వైపు చూపించింది.

"నీళ్ళా అక్కా?" మస్తాన్‌బీ గ్లాసు తెచ్చింది. తాయారు తలూపింది, కాదని. మళ్ళీ నా వైపే చూపించింది. "సంచీనా? సంచీ కావాలా?" కాదు. "దేవుడి పటమా?" అన్నాడు వీరభద్రం. డ్యాష్‌బోర్డు మీద పటం తీసి ఆవిడ చేతిలో పెట్టి వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పటాన్ని తాయారు పక్కన పెట్టేసింది. దేవుణ్ణి పక్కన పెట్టి ఆవిడ వేలు మళ్ళీ నా మీదికే వచ్చింది. అయినా ఒక్కరికీ అర్థం కాలేదు. మనుషులు ఊపిరాడని మనిషి మాట కంటే తమ కంగారే ఎక్కువ వింటారని ఆ రోజే తెలిసింది నాకు.

సిలిండరు ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది.

అప్పుడు తాయారు మంచం దిగింది. "ఒసే, ఎక్కడికే!" అని వీరభద్రం పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మెట్టు దిగింది. నాలుగడుగులు. నాలుగో అడుగుకి గొట్టం బిగుసుకుని ముక్కు నుంచి ఊడిపోయింది. ఆవిడ ఆగలేదు. బండ దగ్గర మోకాళ్ళ మీద కూలబడి రెండు అరిచేతులూ నా ఒంటికి ఆనించి, చటుక్కున వెనక్కి తీసుకుంది. కాలింది. మళ్ళీ ఆనించింది. గౌను లోపల ఆగిపోయిన ఫ్యాన్లు, ఆ ఉడుకు, ఆ బిగింపు. ఇంకెవరికి తెలియకపోయినా ఆవిడకి తెలుసు, రెండేళ్ళుగా రోజూ తనకి జరుగుతున్నదే అది. ముడి విప్పబోయింది, రాలేదు. నోటితో పట్టి తాడు కొరికేసింది. నాలుగు రోజులు ఆయాసపడుతూ కుట్టిన గౌనుని, దూదితో సహా, పువ్వుతో సహా, నా నెత్తి మీద నుంచి లాగి పారేసింది.

"దీనికి... ఊపిరి... ఆడట్లా" అంది. మూడు మాటలకి రెండుసార్లు ఆగింది.

వీరభద్రం నా కిటికీల్ని చూశాడు. ఆ చీటీని చూశాడు. ఆ నాలుగు భాషలూ చదవడం రాకపోయినా దాని మీద గీసిన బొమ్మ అర్థమైంది.  ముప్పై ఒక్కేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, "వేడెక్కింది, వేడెక్కింది" అని అరుస్తూ నీళ్ళ డబ్బా పట్టుకొచ్చి నా మీద గుమ్మరించబోయాడు! "కరెంటు పెట్టె మీద నీళ్ళేంది బావా, బస్సనుకున్నావా!" అని మస్తాన్‌బీ డబ్బాకి అడ్డం పడింది. పిట్ట కూతకి మురిసిన ఆవిడే నన్ను ఆ గండం నుంచి తప్పించింది. 

నన్ను వ్యాను నీడలోకి ఈడ్చి, ఆక్సిజన్ మిషనుని దింపి నాకు తగిలించారు. తాయారుని నా పక్కనే నేల మీద కూర్చోబెట్టి సిలిండరు గొట్టం మళ్ళీ ముక్కుకి పెట్టారు. మస్తాన్‌బీ విసనకర్ర తీసి గబగబా తాయారుకి విసరసాగింది. తాయారు ఆ చెయ్యి పట్టుకుని నా వైపు తిప్పింది.

"పిచ్చి పట్టిందా అక్కా! నువ్వు నల్లబడిపోతంటే దానికి విసరమంటావేంది!"

తాయారు విసనకర్ర లాక్కుని తనే నాకు విసరడం మొదలెట్టింది. నేను ఎన్నో చూశాను. కంటికి కనబడని గాలి కోసం గుండెలు ఎగరేస్తున్న మనిషి, ఉన్న ఆ కాస్త సత్తువతో ఒక రేకు పెట్టెకి గాలి విసరడం చూస్తాననుకోలేదు. నిర్ఘాంతపోయాను అన్న మాట చాలదు. మస్తాన్‌బీ ఏడుస్తూ ఆవిడ చేతిలోంచి విసనకర్ర తీసుకుని నాకు విసిరింది. వీరభద్రం తువ్వాలుతో రెండోపక్క విసిరాడు. ముందు కారులోవాళ్ళు దిగి వచ్చి, ముగ్గురు పెద్దమనుషులు ఓ పెట్టె చుట్టూ కూర్చుని ఏం చేస్తున్నారో తెలియక నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

సిలిండరు అయిపోయింది. బుస్సుమనే చప్పుడు ఆగింది. తాయారు పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. తల వీరభద్రం భుజం మీదికి వాలింది. చల్లబడు, చల్లబడు అని నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఒక్క డిగ్రీ. ఇంకో డిగ్రీ. వీరభద్రం నా బొత్తాం నొక్కాడు. నేను లేవలేదు. మళ్ళీ నొక్కాడు. లేవలేదు. "ఒక్కసారి లేవమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. నాకు కాళ్ళెక్కడివి? అయినా ఆ మాటకి లోపలెక్కడో ఎర్ర గుర్తు ఆరింది. మూడోసారి నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, అద్దం వెలిగింది, పక్కనున్న ఆక్సిజన్ మిషను ఒక్క అరుపు అరిచి గురగురమని మొదలైంది.

గొట్టం దానికి తగిలించాక, పావుగంటకి తాయారు కళ్ళు తెరిచింది. వీరభద్రం నేల మీద చతికిలబడి చిన్నపిల్లాడి కంటే అధ్వాన్నంగా ఏడ్చాడు. "ముప్పై ఒక్కేళ్ళు బోనెట్లు ఎత్తానే. ఒక్క గుడ్డ ఎత్తలేకపోయా" అన్నాడు. తాయారు ఆయన నెత్తి మీద చెయ్యేసి, "కుట్టింది నేను గదా మావా, నువ్వు కాదు గదా" అంది.

సాయంత్రానికి లంబసింగి చేరాం. తాయారు వ్యాను మెట్టు మీద కూర్చుంది. డాక్టరు ఒప్పుకున్న మేరకి గొట్టం తీసి ఒళ్ళో పెట్టుకుంది. మెల్లిగా, లోపలికంటా పీల్చింది. పీల్చి ఉలిక్కిపడి మస్తాన్‌బీ వైపు తిరిగింది.

"ఏమే, దీనికి వాసనే లేదేంటే!"

"గాలికి వాసనేంటక్కా."

"మనూళ్ళో ఉంటది గదే. నేను అదే గాలి అనుకున్నా ఇన్నాళ్ళు." తాయారు నమ్మలేనట్టు ఇంకోసారి పీల్చింది. అరవయ్యో ఏట మొదటిసారి ఉత్త గాలిని రుచి చూసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చెప్పడం నాకు చాతకాదు. అయిదు నిమిషాలకి ఆయాసం వచ్చి గొట్టం మళ్ళీ పెట్టుకుంది, నవ్వుతూనే.

ఆ అయిదు నిమిషాలూ అయ్యాయో లేదో, మస్తాన్‌బీ పొయ్యి వెలిగించి మూకుట్లో చల్లమిరపకాయలు వేయించబోయింది! వీరభద్రం ఒక్క గెంతు గెంతి డబ్బా లాక్కుని, ఆవిడకి అందకుండా వ్యాను నెత్తిన దాచాడు. మర్నాడు ఎండెక్కాక నా అద్దంలో అంకె సగానికి సగం పడిపోయింది. ఎందుకో తెలుసుకోడానికి ఆయనకి మళ్ళీ గంటన్నర పట్టింది.

ఇంటికొచ్చాక గౌనుల పీడ విరగడైందనుకున్నాను. పిచ్చిదాన్ని! వారంలో తాయారు ఆ పచ్చచీరే మళ్ళీ తీసింది. దూది పీకేసింది. నా ఒంటి మీద వేళ్ళు పెట్టి, ఎక్కడ గాలి వస్తోందో, ఎక్కడికి పోతోందో తడిమి తడిమి గుర్తులు పెట్టుకుంది. రెండు పక్కలా నా కిటికీల మేరకి గుడ్డ కత్తిరించి, అంచులు ఎర్రదారంతో మడిచి కుట్టింది. పువ్వు మాత్రం ఉంచింది. ఆ గౌనుతో అయిదేళ్ళు, ప్రతి మిర్చి సీజన్లో, ఘాటు లేని చోటల్లా తిరిగాం. ఒక్కసారీ వేడెక్కలేదు.

ఇప్పుడు నాకు శక్తి అయిపోయింది. రెండు యూనిట్లు దాచుకునే కడుపులో పావు యూనిట్ కూడా నిలవడం లేదు. వీరభద్రం నాకన్నా పెద్ద పెట్టెని తెచ్చాడు. మొన్న నన్ను పాత సామాను కొట్టుకి తెచ్చారు. ఇలాంటి చోటికి తాయారు ఎందుకనుకున్నాను, కానీ కొత్త పెట్టెని వ్యానులో నడవనిచ్చి, ముక్కున పొడుగాటి గొట్టంతో ఆవిడే వ్యాను దిగి వచ్చింది. కొట్టతను నన్ను ఎత్తి పాత ఫ్రిజ్‌ల కింద గుట్టలోకి తొయ్యబోయాడు.

"అయ్యా, దాని మీద ఏమీ పెట్టమాక. దానికి ఊపిరాడదు."

అతను నవ్వాడు. "పోయిన పెట్టెకి ఊపిరేంటమ్మా?"

తాయారు నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గౌను కుచ్చిళ్ళు సరిచేసింది. రెండు వైపులా కిటికీల దగ్గర వేలు పెట్టి చూసింది, గుడ్డ అడ్డం రాలేదు కదా అని.

"అయిదేళ్ళుగా నేను పీల్చిందంతా దాని ఊపిరే గదయ్యా" అంది.

కొట్టతను నవ్వడం ఆపాడు. ఏమనుకున్నాడో ఏమో, గుట్ట దగ్గర్నుంచి తీసి నన్ను కిటికీ పక్కన అరుగు మీద పెట్టాడు, ఒంటరిగా, మీద ఏమీ లేకుండా. ఇన్నేళ్ళలో ఒక మనిషి చెబితే ఇంకో మనిషి మొదటిసారికే వినడం నేను అంతకుముందు చూడలేదు. అదే నేను తిన్న ఆఖరి షాకు. రెండు రోజులైంది. చుట్టూ పగిలిన టీవీలు, పొట్ట విప్పిన మిక్సీలు, అన్నీ ఒంటి మీద నూలుపోగు లేకుండా పడి ఉన్నాయి, పచ్చగౌనుతో నేనొక్కదాన్నే. ఇక్కడ గాలి బాగానే ఆడుతోంది.